హుక్కులు మాత్రమే మిగిలాయి

శ్రావణమాసం వస్తోందంటే చాలు, దర్జీల మీద ఇంటింటా దుష్ప్రచారం మొదలవుతుంది. దాన్ని ఖండించడానికే ఈ వ్యాసం. చెప్పిన రోజుకు జాకెట్టు ఇవ్వరని, ఇచ్చినా చంక దగ్గర పట్టేస్తుందని కొందరు ఆడవాళ్ళు ఆరోపిస్తున్నారు. వాళ్ళకు కాలజ్ఞానం లేదు, అంతే.

కుట్టుశాస్త్రంలో కాలం మూడు రకాలు. "రేపు సాయంత్రం" అంటే బట్ట ఇంకా కవర్లోంచి తీయలేదు. "కటింగ్ అయింది" అంటే తీశారు గానీ ఎవరిదో మర్చిపోయారు. "హుక్కులు మాత్రమే మిగిలాయి" అంటే మీరు షాపు మెట్లెక్కడం చూసి కత్తెర అందుకున్నారు. ఒకప్పుడు ఊళ్ళల్లో దయ్యం రాకుండా తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకునేవాళ్ళు. అది చదివి దయ్యం వెనక్కెళ్ళి, మర్నాడొచ్చి మళ్ళీ చదువుకునేదట. దాన్ని వ్యాపారసూత్రంగా మలచిన ఘనత మాత్రం మా దర్జీ మాస్టారిదే.

చట్టం మనవైపే ఉందని కొందరి ధీమా. ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్లో సాక్షాత్తూ దర్జీయే ఉదాహరణ. ఒకాయన కోటుకు బట్ట ఇస్తాడు. కుట్టడం అవగానే కోటు ఇచ్చేస్తానని, డబ్బుకు మూడు నెలలు ఆగుతానని దర్జీ ఒప్పుకుంటాడు. అలా ఒప్పుకున్నాక కూలి కోసం కోటు అట్టేపెట్టుకునే హక్కు అతనికి లేదట. దొరలెంత అమాయకులో చూడండి! డబ్బుకు మూడు నెలలని లెక్కగట్టి, కోటుకు మాత్రం "అవగానే" అని వదిలేశారు. ఆ కోటు ఇప్పటికీ అయి ఉండదు. కాజాలు మిగిలి ఉంటాయి. గడువు చెప్పుకోకపోతే సమంజసమైన సమయంలో చెయ్యాలని, ఏది సమంజసమో సందర్భాన్ని బట్టి తేల్చాలని 46వ సెక్షన్. మా మాస్టారూ ఇదే అంటారు, కాకపోతే నోట్లో గుండుసూదులు పెట్టుకుని.

2019 వినియోగదారుల రక్షణ చట్టం మరీ కఠినం. డబ్బు తీసుకుని సరిగా చెయ్యకపోతే సేవాలోపం. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపారం. (మనకిచ్చేది గుడ్డముక్కకు పిన్ను కొట్టిన చీటీ. దాని మీద తేదీ 8 అనుకుంటే 8, 18 అనుకుంటే 18.) రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌కు వెళ్ళొచ్చు. మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా వింటారు. అహ్మదాబాద్‌లో ఒకావిడ జాకెట్టు పెళ్ళికి అందలేదని కమిషన్‌కెక్కితే, ముందే కట్టిన 4,395 రూపాయలు వడ్డీతో వెనక్కిచ్చి, పరిహారం కూడా ఇమ్మని 2025లో దర్జీని ఆదేశించారు. పెళ్ళి మాత్రం అప్పటికే అయిపోయింది. ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చడానికి "ప్రయత్నించాలి" అని చట్టమే అంటుంది. అక్కడా హుక్కులు మిగులుతాయన్నమాట.

నా కేసే తీసుకోండి. మేనకోడలి పెళ్ళికి ఇరవై రోజుల ముందు పట్టుజాకెట్టు ఇచ్చాను. పెళ్ళి ముందురోజు రాత్రి పదకొండింటికి చేతికొచ్చింది. వెనక పెట్టమన్న హుక్కులు ముందున్నాయి. చెయ్యి దూరితే మోచెయ్యి వంగదు. పెళ్ళంతా పవిట కప్పుకుని, అక్షింతలు ఎడంచేత్తో వేశాను.

మర్నాడు వెళ్ళి, "మాస్టారూ, చేతులు పట్టేశాయి" అన్నాను.

"కుట్టులో తేడా లేదమ్మా. మీరే కాస్త ఒళ్ళు చేశారు."

లోపం నాలో ఉన్నప్పుడు నా మీద నేనే కమిషన్‌కు వెళ్ళాలి. అయినా పట్టుదలగా ఫిర్యాదు రాశాను. రుజువు జతచేద్దామంటే ఆది జాకెట్టు ఆయన షాపులో మేకుకు వేలాడుతోంది. ప్రపంచంలో నాకు సరిపోయే ఒకే ఒక్క జాకెట్టు అది. ఎప్పుడో కుట్టిందీ ఆయనే.

ఫిర్యాదు బ్యాగులో పెట్టుకునే షాపుకెళ్ళాను. స్టూలు చూపించారు. కూర్చున్నాను.

"వరలక్ష్మీ వ్రతానికి ఒకటి కుట్టాలి, మాస్టారూ."

"ఎప్పటికమ్మా?"

తెలివిగా వ్రతానికి ఎనిమిది రోజుల ముందు తేదీ చెప్పాను. ఆయన చీటీ మీద ఆ తేదీ వేసి, తలెత్తి, గోడ మీద క్యాలెండర్లో వ్రతం ఎప్పుడో చూసుకున్నారు.