బొటనవేలు చాలు

మా తాతగారి కాలంలో షావుకారు ఖాళీ ప్రోనోటు ముందు పెట్టి, రైతు బొటనవేలికి సిరా పూసి, చెయ్యి పట్టుకుని తానే అద్దించుకునేవాడట. చదువు లేక జరిగిన అన్యాయం అది. ఇప్పుడు దేశం చాలా ముందుకు పోయింది. ఎంటెక్కులు, ఎంబీఏలు చేసిన మనం అదే బొటనవేలిని, ఎవరూ చెయ్యి పట్టుకోకుండానే, ఫోన్ తెర మీద ‘ఐ అగ్రీ’ దగ్గర అద్దుతున్నాం. పైగా రైతు ముందున్నది ఖాళీ కాగితం. మన ముందున్నది నలభై పేజీలు. చదవకుండా సంతకం పెట్టడానికి ఇన్ని పేజీలు ఆ షావుకారు ఇవ్వగలిగాడా?

మొన్న ఆన్‌లైన్‌లో మిక్సీ కొన్నాను. మూడో రోజు కొబ్బరి పచ్చడి రుబ్బుతుంటే జారు అడుగు నుంచి నల్లటి జిడ్డు కారి పచ్చడిలో కలిసింది. మా ఆవిడ ఫొటో తీసింది, నేను ఫోన్ చేశాను. కస్టమర్ కేర్ అమ్మాయి ఎంతో మర్యాదగా, ‘నిబంధనలు ఒకసారి చూడండి సార్’ అంది. జీవితంలో మొదటిసారి చూశాను. తగువొస్తే కోర్టుకు పోకూడదు, మధ్యవర్తే తేల్చాలి. ఆ మధ్యవర్తిని కంపెనీయే పెడుతుంది. విచారణ గురుగ్రామ్‌లో, ఇంగ్లీషులో. మిక్సీ ఖరీదు 3,200 రూపాయలు. రొట్టెముక్క కోసం కొట్టుకున్న రెండు పిల్లులకు తీర్పు చెప్పిన కోతి కనీసం బయట్నుంచి వచ్చింది. ఇక్కడ ఒక పిల్లే కోతికి జీతమిచ్చి తెచ్చుకుంటోంది. ఎంత పద్ధతైన ఏర్పాటు!

ఈ అందం మన సుప్రీంకోర్టుకు మాత్రం ఎక్కడం లేదు. విత్తనాలు నాసిరకమై పంట పోయిన ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరానికి వెళితే, జాతీయ విత్తనాల సంస్థ ‘ఒప్పందంలో మధ్యవర్తిత్వం ఉండగా ఇక్కడికెందుకొచ్చారు’ అంటూ ఢిల్లీ దాకా కొట్లాడింది. ఏ దారిన పోవాలో రైతు ఇష్టమని 2012లో కోర్టు తేల్చేసింది. 2018లో ఒక బిల్డర్ కేసులోనూ అదే మాట. 2019 నాటి కొత్త వినియోగదారుల చట్టం ఇంకో అడుగు ముందుకేసి ఇలాంటి ఏకపక్ష ఒప్పందాలకు ‘అన్యాయమైన ఒప్పందం’ అనే పేరే పెట్టేసింది. 5 లక్షల లోపు కొనుగోలైతే జిల్లా కమిషన్‌లో పైసా ఫీజు లేదు. కంపెనీల పాట్లు పట్టించుకునే నాథుడే లేడు. (ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని కూడా ఆ చట్టంలో ఉంది. ఆ భాగాన్ని మాత్రం అందరం కలిసి యాప్ నిబంధనల్లాగే చదవకుండా వదిలేశాం.)

నాగరికత చూడాలంటే అమెరికా వెళ్ళాలి. వ్యాపారుల మధ్య తగవులు తీర్చడానికని 1925లో తెచ్చిన మధ్యవర్తిత్వ చట్టాన్ని అక్కడ ఫోన్ కొన్నవాడి మెడకు చుట్టారు. మన డాలస్ పిల్లల మెడలూ అందులోనే ఉన్నాయి. కాలిఫోర్నియాలో ఒక జంటకు ఏటీ అండ్ టీ అనే ఫోన్ కంపెనీ ‘ఉచిత’ ఫోన్ ఇచ్చి, అమ్మకపు పన్ను కింద 30 డాలర్ల 22 సెంట్లు వేసింది. తమలాంటి వాళ్ళందరి తరఫునా కేసు వేశారు. కుదరదు, ఎవరి ముప్పై డాలర్ల కోసం వాళ్ళు విడివిడిగా మధ్యవర్తి దగ్గరికి పోవాల్సిందేనని 2011లో అక్కడి సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. ముప్పై డాలర్ల కోసం లాయర్ని పెట్టుకునేవాడు ఎక్కడైనా ఉంటాడా? ఉండడు. కాబట్టి తగువే లేదు. శాంతి అంటే అదీ.

ఒక్కోసారి ఈ శాంతి కొంచెం మితిమీరుతుంది. 2023లో ఒర్లాండోలోని డిస్నీ స్థలంలో ఉన్న రెస్టారెంట్‌లో తిన్నాక అలర్జీతో ఒక డాక్టరమ్మ చనిపోయింది. భర్త కేసు వేశాడు. డిస్నీ లాయర్లు పాత లెక్కలు తిరగేసి, 2019లో ఆయన డిస్నీ వాళ్ళ సినిమాలు చూసే యాప్‌ను ఒక నెల ఉచితంగా వాడాడని, అప్పుడే మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నాడని వాదించారు. జనం ముక్కున వేలేసుకున్నాక, 2024 ఆగస్టులో ఆ వాదన మానుకున్నారు.

అసలు కష్టం అమెజాన్‌ది. మధ్యవర్తిత్వం చవక, వేగం, అందరికీ మేలు అని చెప్పే కంపెనీల్లో అదీ ఒకటి. జనం ఆ మాట నమ్మారు. అమెజాన్ వాళ్ళ మాట్లాడే స్పీకరు అలెక్సా తమ మాటలు రికార్డు చేస్తోందంటూ 75,000కు పైగా ఫిర్యాదులు, ఒప్పందంలో ఉన్నట్టే విడివిడిగా, మధ్యవర్తుల దగ్గరికే పంపారు. ఒక్కో ఫిర్యాదుకూ ఫీజు కంపెనీయే కట్టుకోవాలి. అదీ ఒప్పందంలో ఉన్నదే. బిల్లు కోట్ల డాలర్లలోకి పోయింది. 2021లో అమెజాన్ చడీచప్పుడు లేకుండా ఆ క్లాజు తీసేసి, అందరూ కోర్టుకే రండి అంది.

పాపం, ఆ నలభై పేజీలు రాసిన లాయరుగారు కూడా చివరిదాకా చదివినట్టు లేరు.