మల్లె అనే తోకకు ఒక బాధితుడి లేఖ

కనబడిన చెట్టుకల్లా పేరు చివర తగులుకునే మహారాజశ్రీ మల్లె తోక గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలమే. నాకే నిన్న ఆదివారం మధ్యాహ్నం మొత్తం పోయింది, దాంతోపాటు 150 రూపాయలూ పోయాయి.

సంగతి మీకు తెలియనిదా? కార్తీకం వచ్చింది. రాత్రి ఎనిమిది దాటితే మా వీధి మలుపులో ఒకటే గుబాళింపు. కరెంటు పోయినా ఆ వాసన పట్టుకుని ఇల్లు చేరొచ్చు. నాలుగంతస్తుల ఎత్తు చెట్టు. తెల్లారేసరికి కింద రోడ్డంతా తెల్లపూలు, ఒక్కోదానికి వేలెడు పొడుగు కాడ. పేరేమిటని వాచ్‌మన్‌ని అడిగితే "మల్లెచెట్టు సార్" అన్నాడు. కింది ఫ్లాట్ పిన్నిగారు "ఏదో మల్లే బాబూ" అన్నారు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడితే పెదనాన్న నాగమల్లి అన్నారు, మేనత్త ఆకాశమల్లి అంది, బావ గుడ్ మార్నింగ్ అన్నాడు. చెట్లను గుర్తుపట్టే యాప్ ఆకు చూసి మునగ అంది. నేను సగం నమ్మాను కూడా.

అంతమంది మల్లె అన్నారు కదా అని నర్సరీకి పోయి, ఎత్తుగా పెరిగే మల్లె కావాలన్నాను. "పందిరేస్తే ఎంత ఎత్తయినా పోతుంది సార్" అని మోకాలెత్తు మల్లె కుండీ చేతిలో పెట్టాడు. అతన్నేమీ అనను. మల్లె అడిగాను, మల్లె ఇచ్చాడు. తప్పు మీది.

చివరికి మేనత్తే నెగ్గింది. అది ఆకాశమల్లి, కాడమల్లి అని కూడా అంటారు. రెండు పేర్లుంటే రెండింటి చివరా తమరే! అయ్యా, ఆ చెట్టుకూ మీకూ ఏమిటి చుట్టరికం? దాని బంధువులు జకరండా, టబేబుయా అనే పూలచెట్లు. మీది ఆలివ్ వాళ్ళ కుటుంబం. నాగమల్లి సంగతి మరీ ఘోరం. ఎక్కడో దక్షిణ అమెరికాలో పుట్టి, మానుకే పూలు పూసి, ఫిరంగి గుండ్లంత కాయలు కాసి, బ్రెజిల్ నట్‌కు దగ్గరి చుట్టమై, మన శివాలయంలో నిలబడితే దానికీ మీ తోకే. ఇంతా చేసి, మీకు నిజంగా రక్తసంబంధం ఉన్న చెట్టు ఒకటుంది: పారిజాతం. దాని పేరులో మాత్రం మీరు లేరు! సొంతవాళ్ళను వదిలేసి ఊళ్ళోవాళ్ళందరికీ అన్నగారినని చెప్పుకునే మనుషుల్ని చూశాను గానీ, తోకను చూడటం ఇదే మొదలు.

గన్నేరును చూసి సిగ్గు తెచ్చుకోండి. పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు, అన్నీ ఒక్క కుటుంబమే. గన్నేరు నోట్లో విషముందేమో గానీ అబద్ధం లేదు.

అసలు మీతో కాదు, మాతోనే నా గొడవ. తెల్లగా ఉండి వాసనొస్తే చాలు, మల్లె! తలెత్తి ఒక్కసారి చూడం. వంకాయలకు, మామిడిపళ్ళకు ఇన్నేసి పేర్లు పెట్టుకున్నాం కదా, ఏటా వీధంతా ఊరికే పరిమళం పోసే చెట్టుకు సొంతంగా ఒక్క పేరు పెట్టడానికి నోరు రాలేదా? తినేది కాదనా?

ఈ పొద్దున కోపంగానే వెళ్ళి ఆ చెట్టు కింద నిలబడ్డాను. పిన్నిగారి మనవరాలు రాలిన పూలు ఏరుకుని, దారం లేకుండా కాడలే జడలా అల్లుకుంటోంది. నేనూ వంగి ఓ గుప్పెడు ఏరి ఇచ్చాను. అటు పోతున్న కూరగాయలామె బండి ఆపి, అవేం పూలని అడిగింది.

"మల్లెలేనమ్మా, ఒక రకం" అన్నాను.

చిత్తగించవలెను. ఆ 150 మాత్రం తిరిగి ఇప్పించగలరు.

ఇట్లు,
మోకాలెత్తు కుండీ యజమాని