పెట్టెలో ప్రాగభావం

కుండ చేయకముందే మట్టిలో కుండ ఉందా? నువ్వుల్లో నూనెలా ఉందన్నారు సాంఖ్యులు. లేదు, చేసేదాకా ఉండేది దాని ప్రాగభావమే, అంటే పుట్టకముందటి లేమేనన్నారు నైయాయికులు. మన పండితులు వందల ఏళ్లు పిలకలు పట్టుకున్నా తేలని ఈ తగువును 2025 మార్చి 26న అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో ఏడుగురు సాంఖ్యులైపోగా, న్యాయం వైపు నిలిచింది ఇద్దరే. గౌతముడి న్యాయదర్శనం సంగతండీ, అపార్థం చేసుకోకండి.

కాకపోతే అక్కడ కుండకు బదులు తుపాకీ.

1968 చట్టం ప్రకారం తుపాకీలు అమ్మాలంటే లైసెన్సు ఉండాలి, నంబరు చెక్కాలి, కొనేవాడి పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీయాలి. ఇంత బాదరబందీ ఎందుకని కొందరు తార్కికులు తుపాకీ చట్రాన్ని ‘ఎనభై శాతం’ చేసి ఆపేశారు. కాసిని బెజ్జాలు వేయలేదు, అడ్డంగా ఉన్న ప్లాస్టిక్ పలుకులు చెక్కలేదు. కాబట్టి అది తుపాకీ కాదు, తుపాకీ ప్రాగభావం. పాలిమర్80 అనే కంపెనీ అయితే విడిభాగాలన్నీ ఒకే పెట్టెలో సర్ది ‘బై బిల్డ్ షూట్’ అని బారసాల చేసింది. కొను, బిగించు, కాల్చు. దేంతో కాల్చాలి అని అడగడం అమర్యాద.

పోలీసులకు దొరికి, ఆచూకీ కోసం కేంద్రానికి చేరిన ఈ నంబరులేని తుపాకీలు 2017లో సుమారు 1,600. 2021లో 19,000 పైచిలుకు. లేని వస్తువు ఇంత లక్షణంగా పిల్లల్ని పెట్టడం ఏ దర్శనంలోనూ చెప్పలేదు. 2022లో తుపాకీల వ్యవహారం చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఏటీఎఫ్ ఈ పెట్టెలనూ తుపాకీల లెక్కలో వేసేసరికి తార్కికులు టెక్సస్‌లో కోర్టుకెక్కి గెలిచారు. అప్పీల్లోనూ గెలిచారు.

చివరికి వ్యవహారం సుప్రీంకోర్టు వంటింట్లోకి చేరింది. గట్టు మీద గుడ్లు, తరిగిన హామ్, క్యాప్సికమ్, ఉల్లిపాయలు పెడితే ఆమ్లెట్ అయిపోయినట్టేనా అని జస్టిస్ అలీటో అడిగారు. కాదు, వాటితో ఇంకేదైనా చేసుకోవచ్చంది సర్కారు వకీలు ప్రిలోగర్. మరి వంట సరుకులు ఇంటికి పంపే హలోఫ్రెష్ వాళ్లు అన్నీ సర్ది పంపిన టర్కీ చిల్లీ (టర్కీకోడి మాంసం వంటకం) కిట్టయితేనో అని జస్టిస్ బారెట్ అందుకున్నారు. అప్పుడు లెక్క వేరన్నారు ప్రిలోగర్.

మా ఆవిడను పిలిచి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. కుక్కర్‌లో పడింది బియ్యమే. మొదటి కూతైనా రాలేదు. అయినా ‘అన్నం పెట్టేశాను, స్నానం కానివ్వండి’ అంటుంది. జస్టిస్ గోర్సచ్ తీర్పు సారాంశం సరిగ్గా ఇదే: పూర్తికాని రాతప్రతినీ నవల అంటాం, ఐకియా నుంచి తెచ్చిన విడిచెక్కల్నీ టేబుల్ అంటాం. ఆ పెట్టెను ఎప్పుడూ ఎరగని మనిషి ఒకరు యూట్యూబ్ చూసుకుంటూ మామూలు పనిముట్లతో 21 నిమిషాల్లో తుపాకీ తయారుచేశారని కూడా తీర్పులో ఉంది. మా కుక్కర్ దిగి, చల్లారి, మూత రావడానికీ అంతే పడుతుంది.

చట్టంలో ఉన్నది చట్రమే గానీ చట్రం కాబోయేది కాదంటూ జస్టిస్ థామస్ ఈ తీర్పుతో విభేదించారు. మెజారిటీ వాళ్లు కూడా ప్రతి పెట్టే తుపాకీ అనలేదు, గీత ఎక్కడో గీయలేదు. చట్రాన్ని ‘అరవై శాతం’ దగ్గరే ఆపేసే తార్కికులు ఈపాటికి కొలబద్ద తీసే ఉంటారు.

ఈ వ్యాసమూ నేను ఎనభై శాతమే రాశాను. గోర్సచ్ గారి లెక్కన ఇది వ్యాసమే, ఎడిటర్ గారు పారితోషికం పూర్తిగా పంపాలి. ఎవరైనా పరువునష్టం దావా వేస్తే మాత్రం నేను థామస్ గారి మనిషిని.