మూసిన గదిలో గాలికి ఎవరు పూచీ?

విశాఖలో కుళాయి నీటికి నమూనాలు తీస్తారు. హోటల్ వంటగదికి తనిఖీ అధికారి వస్తారు. కోచింగ్ సెంటర్ తెరవాలంటే మెట్లదారి ఎలా ఉంది, మంటలార్పే సిలిండర్లు ఉన్నాయా అని అడుగుతారు. అదే గదిలో ఎనభై మంది పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పీల్చే గాలి ఎలా ఉందని మాత్రం అడిగే నాథుడు లేడు. ఫ్లూ, కోవిడ్, పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టే ఆర్‌ఎస్‌వీ, తట్టు... ఇవన్నీ ఒకరు వదిలిన గాలిని ఇంకొకరు పీల్చడం వల్ల సోకగలవని తెలిశాక కూడా ఈ నిర్లక్ష్యం కొనసాగడం తప్పు. వానలు మొదలైతే ఫ్లూ పెరుగుతుంది, చలికాలం చివర్లో మళ్లీ ఇంకోసారి విజృంభిస్తుంది. ఏటా జరిగేదే కాబట్టి ముందే సర్దుకోవడానికి వీలుంది.

ద్వారకానగర్‌లో ఏ కోచింగ్ సెంటర్ మేడ ఎక్కినా కనిపించేది ఒకటే తీరు. రోడ్డు వైపు కిటికీలను ర్యాంకుల ఫ్లెక్సీ కప్పేసి ఉంటుంది. లోపల అద్దాలకు నల్ల ఫిల్మ్, గోడకు రెండు స్ప్లిట్ ఏసీలు, తలుపు మీద ‘ఏసీ ఆన్‌లో ఉంది, డోర్ వేయండి’ అన్న కాగితం. బెంచీకి నలుగురు. ఒక పిల్లాడు దగ్గడం మొదలుపెడితే నాలుగైదు రోజుల్లో సగం క్లాసుకు రొంప, ఆపై హాస్టల్ గదుల్లో జ్వరాలు. సెలవు దొరికితే ఆ పిల్లలే పాడేరు, శ్రీకాకుళం, పార్వతీపురం బస్సులెక్కి ఇంట్లో ఉన్న తాతయ్యకూ నాయనమ్మకూ అంటిస్తారు. గది చల్లగా ఉంటే గాలి మారుతున్నట్టేనని చాలామంది అనుకుంటారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే పీల్చుకుని, చల్లబరచి, మళ్లీ అదే గదిలోకి వదులుతుంది.

తుమ్మినప్పుడు పడే తుంపర్లతోనే జలుబు అంటుకుంటుందని చిన్నప్పటి నుంచి విన్నాం. పెద్ద తుంపర్లు ఒకటి రెండు మీటర్లలోనే నేలకు రాలిపోతాయి. కానీ మాట్లాడినా, పాడినా, ఊరికే ఊపిరి వదిలినా కంటికి కనబడని సన్నని కణాలు కూడా బయటికి వస్తాయి. అవి అంత త్వరగా రాలవు. దేవుడి గదిలో వెలిగించిన అగరుబత్తి పొగలా ఇల్లంతా పరుచుకుని తేలుతూ ఉంటాయి. 2020 జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌జౌలో, కిటికీలు లేని ఒక ఏసీ రెస్టారెంటులో పక్కపక్క బల్లల దగ్గర భోంచేసిన మూడు కుటుంబాల్లో మొత్తం పది మందికి కోవిడ్ తేలింది. ఆ హాల్లోకి బయటి గాలి దాదాపు రాలేదని, ఏసీ అదే గాలిని ఆ మూడు బల్లల మధ్య తిప్పిందని తర్వాత పరిశోధకులు లెక్కగట్టారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం గాలి ద్వారా వ్యాప్తిని స్పష్టంగా చెప్పడానికి 2021 ఏప్రిల్ ఆఖరు దాకా ఆగింది. అప్పటికి మన దగ్గర రెండో వేవ్ ఉద్ధృతంగా ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో నింపిన ఏడు ట్యాంకర్లతో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఏప్రిల్ 22నే మహారాష్ట్రకు బయల్దేరింది. అంతకుముందు ఏడాదంతా మనం కూరగాయలు ఉప్పునీళ్లలో కడిగాం, రోడ్ల మీద హైపోక్లోరైట్ చల్లాం. చేతులు కడుక్కోవడం మంచి అలవాటే, దాన్ని మానమని ఎవరూ అనరు. కానీ కిటికీ తెరవమని అంతే గట్టిగా చెప్పి ఉంటే ఎన్నో ఇళ్లలో కథ ఇంకోలా ఉండేది. ఆ బాధ ఈ ఊరికి కొత్త కాదు. ఊపిరాడని మనిషిని ఆటోలో కూర్చోబెట్టుకుని బెడ్ కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగిన కుటుంబాలు ప్రతి వీధిలో ఉన్నాయి.

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే వేలంపాట మొదలవుతుంది. భుజాలు రాసుకునేంత జనం, గొంతు చించుకునే కేకలు. అందులో ఒకరికి ఫ్లూ ఉన్నా, వదిలిన ఊపిరి వదిలినట్టే సముద్రపు గాలికి కొట్టుకుపోతుంది. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటే అంటదని కాదు, మూసిన గదితో పోలిస్తే ముప్పు చాలా తక్కువ. మధ్యాహ్నం కల్లా సముద్రం మీంచి గాలి తిరిగే ఊరు మనది. ఫ్లెక్సీలు, ఫిల్ములు అడ్డం పెట్టి ఆ గాలిని మనమే ఆపుకుంటున్నాం.

కిటికీ తీస్తే బొగ్గుపొడి వస్తుందని పోర్టు దగ్గర్లోని జ్ఞానాపురంలో, పాతనగరంలో ఉండేవాళ్లు అంటారు. వాళ్ల మాట నిజం. వాళ్లకు కిటికీలు తీయమని సలహా ఇచ్చే ముందు పోర్టు బొగ్గుకుప్పల మీద టార్పాలిన్లు కప్పించడం, నీళ్లు చల్లించడం రోజూ సక్రమంగా జరిగేలా చూడాలి. అంతవరకు అక్కడి బడుల్లోనూ ఆసుపత్రుల్లోనూ గాలిని వడకట్టే హెపా ఫిల్టర్ యంత్రాలు పెట్టడం ప్రభుత్వం పని.

గాలి బాగుందో లేదో చూపే పరికరం ఉంది, అదే కార్బన్ డయాక్సైడ్ మీటరు. మనిషి వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 4 శాతం. ఆరుబయట గాలిలో అది పది లక్షల్లో 420 వంతులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. గదిలో మీటరు 1,000 దాటితే గాలి సరిగా మారడం లేదని గుర్తు. 3,000 చూపిస్తే పిల్లలు తీసుకునే ప్రతి పదిహేను శ్వాసల్లో ఒకటి అప్పటికే ఇంకొకరి ఊపిరితిత్తుల్లో తిరిగి వచ్చిన గాలి కింద లెక్క. ఈ మీటరు కొన్ని వేల రూపాయలకే దొరుకుతుంది. దాని సంఖ్య తగ్గించడానికి పెద్ద ఇంజినీరింగ్ అక్కర్లేదు. ఎదురెదురు కిటికీలు కాస్త తెరిచి, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించి, పీరియడ్ మారేటప్పుడు తలుపులు బార్లా తీస్తే చాలా గదుల్లో తేడా వెంటనే కనిపిస్తుంది. కరెంటు బిల్లు పెరుగుతుందని యాజమాన్యాలు అంటాయి. పెరగవచ్చు. ఆ ఖర్చు ఇప్పుడు మందుల షాపులో తల్లిదండ్రులు కడుతున్నారు.

హాజరు సంగతి కూడా చెప్పుకోవాలి. ఫ్లూ సోకినవారు లక్షణాలు బయటపడటానికి ఒక రోజు ముందు నుంచి, ఆ తర్వాత ఐదు నుంచి వారం రోజుల దాకా ఇతరులకు అంటించగలరు. పిల్లల విషయంలో ఇంకా ఎక్కువ రోజులు. అలాంటప్పుడు యాజమాన్యాలు జ్వరం ఉన్నా పంపండని ఫోన్లు చేయడం, నూరు శాతం హాజరుకు బహుమతులివ్వడం మానుకోవాలి. అపార్టుమెంటు వాచ్‌మన్‌కు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు, కాంట్రాక్టు కార్మికులకు ‘ఇంట్లో ఉండి రెస్ట్ తీసుకో’ అన్న సలహా వెనుక ఆ రోజు కూలి పోయే టెన్షన్ ఉంటుంది. జ్వరం వచ్చిన రోజులకు జీతం కోయకుండా ఇవ్వడం కూడా వ్యాధి నివారణే. బయటికి రాక తప్పనివారు ముక్కు, నోరు బిగుతుగా మూసే ఎన్-95 మాస్కు పెట్టుకుంటే ఎదుటివారికి మేలు చేసినట్టు.

ఇక వైద్యం. మందుల షాపుకు వెళ్లి జ్వరం, దగ్గు అనగానే మూడు అజిత్రో (యాంటీబయాటిక్) మాత్రలు కత్తిరించి ఇస్తారు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. అవసరం లేకుండా వాడితే రేపు నిజంగా న్యుమోనియా వచ్చినప్పుడు ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా ఎదురవుతుంది. చాలామందికి పారాసిటమాల్, నీళ్లు, విశ్రాంతి సరిపోతాయి. ఫ్లూకి ఒసెల్టామివిర్ అనే వైరస్ మందు ఉంది కానీ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తేనే ఎక్కువ ఫలితం. వృద్ధులు, గర్భిణులు, షుగర్, ఆస్తమా ఉన్నవారు ‘నాలుగు రోజులు చూద్దాం’ అనుకోకుండా వెంటనే డాక్టరును కలవాలి. ఆవిరి పట్టడం ముక్కు దిబ్బడకు కాస్త ఊరటే తప్ప వైరస్‌ను చంపదు. మరిగే గిన్నె ఒలికి పిల్లలు కాలిపోయిన సందర్భాలున్నాయి, వాళ్లకు అది వద్దు.

పసిపిల్లల దగ్గు సిరప్‌ల విషయంలో మేం గట్టిగా చెప్పదలిచాం. మధ్యప్రదేశ్‌లో కల్తీ సిరప్ తాగి పిల్లలు చనిపోయిన తర్వాత 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్చరిక జారీ చేసింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా సిఫారసు చేయబోమని చెప్పింది. తల్లి చూడాల్సింది సీసా వైపు కాదు, బిడ్డ డొక్కల వైపు. బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి ఒక నిమిషం పూర్తిగా శ్వాసలు లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40 లేదా అంతకు మించితే అది వేగమైన శ్వాస. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా రాత్రయినా సరే కేజీహెచ్‌కో దగ్గర్లోని పిల్లల ఆసుపత్రికో తీసుకెళ్లాలి. ఈ లెక్క ఏజెన్సీ గ్రామాల్లో ప్రతి ఇంటికీ తెలియాలి. లంబసింగి చలిలో మొదలైన ఆయాసం ఘాట్ రోడ్డు దిగి నగరానికి వచ్చేసరికి విలువైన గంటలు గడిచిపోతాయి.

తట్టు టీకా, న్యుమోకోకల్ టీకా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, తప్పనిసరిగా వేయించాలి. ఫ్లూ టీకా జాతీయ కార్యక్రమంలో లేదు, సొంత డబ్బుతో వేయించుకోవాలి. వైరస్ మారుతుంటుంది కాబట్టి ఏటా వేయాలి. కనీసం గర్భిణులకు, ఆసుపత్రి సిబ్బందికి, దీర్ఘకాలిక జబ్బులున్న పేద వృద్ధులకు వానలకు ముందే దాన్ని ఉచితంగా అందించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాం.

జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లో గాలి, వెలుతురుకు విడిగా ఒక భాగమే ఉంది. నగరపాలక సంస్థ జీవీఎంసీ, విద్యాశాఖ దాన్ని అనుమతుల సమయంలో గుర్తు చేసుకోవాలి. ద్వారకానగర్, ఆశీల్‌మెట్ట కోచింగ్ సెంటర్లతో మొదలుపెట్టి, తరగతులు జరుగుతున్న వేళ మీటరు పెట్టి కొలవాలి. కిటికీలకు అడ్డంగా కట్టిన ఫ్లెక్సీలు తీయించాలి. కొలతలో తేలిన సంఖ్యను గది తలుపు మీద రాయించాలి. ఫీజు కట్టే ముందు ర్యాంకుల బోర్డు చూసే తండ్రి ఆ సంఖ్య కూడా చూస్తాడు.