వన్ గ్రామ్ గోల్డ్ రైఫిల్

పోయిన ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన వాదన ఇంకా తెగలేదు. డల్లాస్ నుంచి సెలవు మీద వచ్చిన మా బావ, ఫోన్ తీసి తన రైఫిల్ ఫొటో చూపించాడు. హెన్రీ గోల్డెన్ బాయ్, పాయింట్ టూ టూ (అంటే అంగుళంలో ఐదో వంతు పైచిలుకు లావుండే చిన్న తూటా), లీవర్ యాక్షన్, అంటే ట్రిగ్గర్ కింది పిడిని కిందికి లాగి పైకి తెస్తే తర్వాతి తూటా ఎక్కుతుంది. ఎనిమిది పలకల నల్ల బ్యారెల్, వాల్‌నట్ కర్ర, నడుమ పండగనాడు చింతపండుతో తోమిన దీపపు కుందిలా తళతళలాడే పసుపు లోహం. అందరూ చెయ్యి కడుక్కోకుండానే ఫోన్ చుట్టూ మూగారు. మావాడు, ఇంటర్ చదువుతున్నాడు, "క్వాలిటీ అంటే ఇదీ డాడీ" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు కాలింది.

ఎందుకు కాలిందో చెప్పాలంటే నా వ్యాపారం చెప్పాలి. నాది రాణీగంజ్‌లో హార్డ్‌వేర్ షాపు. తలుపు హ్యాండిళ్లు, గడియలు, తాళాలు, మడత బందులు. 22 ఏళ్లుగా రోజూ పదిమంది అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, ఇది ప్యూర్ బ్రాసేనా?" కొందరు జేబులోంచి అయస్కాంతం తీసి పెట్టి చూస్తారు. అతుక్కోకపోతే ఇత్తడేనని సంబరపడి తీసుకెళ్తారు. జింక్‌కు కూడా అయస్కాంతం అతుక్కోదన్న సంగతి వాళ్లకు తెలియదు, అడిగితే తప్ప మా లైన్‌లో ఎవరూ చెప్పరు. నేను చెప్తాను, అందుకే ఇన్నేళ్లయినా రెండో షట్టర్ తెరవలేకపోయాను. తేడా తెలియాలంటే చేతిలో పెట్టుకోవాలి. ఒకే కొలత హ్యాండిళ్లు రెండుంటే, ఇత్తడిది జింక్ దానికంటే నాలుగో వంతుకు పైగా ఎక్కువ తూగుతుంది. లేదా స్క్రూ పట్టే కంతలోకి టార్చి కొట్టి చూడాలి, పూత అక్కడిదాకా పోదు.

గోల్డెన్ బాయ్ నడుమ మెరిసేది ఇత్తడి కాదు. లోపల అసలు యంత్రం కూర్చునే పెట్టె జింక్ మిశ్రమంతో పోత పోసింది. మా భాషలో జమాక్. జింక్‌లో కాస్త అల్యూమినియం, రాగి, మెగ్నీషియం కలిపి అచ్చులోకి ఒత్తిడితో కొడతారు. చవక నల్లాలు, బొమ్మ కార్లు, జిప్పుల రన్నర్లు దాంతో తయారవుతాయి. దాని మీద ఇత్తడి రంగు పూత ఉన్న తొడుగు వస్తుంది. కంపెనీ దీన్ని దాచలేదు, బ్రాస్‌లైట్ అని పేరు కూడా పెట్టింది. వాళ్ల పెద్ద తూటాల రైఫిల్ బిగ్ బాయ్‌లో అసలు ఇత్తడే వాడతారు. ఈ చిన్నదానికి మాత్రం తొడుగు. "బావా, ఇది వన్ గ్రామ్ గోల్డ్" అన్నాను. మా అక్క నవ్వింది. బావ నవ్వలేదు.

పేరుకు కూడా పూత ఉంది. హెన్రీ అంటే 1860 నాటి బెంజమిన్ టైలర్ హెన్రీ డిజైన్ అనుకుంటారు. అమెరికా అంతర్యుద్ధంలో వాడిన పదహారు తూటాల రైఫిల్ అది. బావ పాయింట్ టూ టూలాగే అదీ రిమ్‌ఫైరే, కాకపోతే సైజు పాయింట్ ఫార్టీ ఫోర్. తూటా అడుగు అంచులోనే నిప్పు పుట్టించే మందు ఉంటుంది, పిన్ను ఆ అంచు మీద కొడితే పేలుతుంది, అందుకే రిమ్‌ఫైర్ అన్నారు. ఆ తర్వాత వచ్చిన 1866 వించెస్టర్‌కు పసుపు రంగు చూసి యెల్లో బాయ్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. తమాషా ఏమిటంటే ఆ రెంటిలోనూ ఉన్నది అసలు ఇత్తడి కాదు, గన్‌మెటల్. రాగిలో తగరం కలిసిన, కంచుకు దగ్గరి చుట్టం. ఇప్పటి హెన్రీ కంపెనీ మాత్రం 1996లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టింది. పాత హెన్రీతో దానికి వారసత్వం ఏమీ లేదు, పేరు తీసుకున్నారంతే. లోపలి యంత్రం కూడా 1860 నాటిది కాదు, జర్మనీ ఎర్మా కంపెనీ పాయింట్ టూ టూ నుంచి వచ్చింది.

ఇంతవరకు నేను చెప్పింది విని మా అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు, వెంటనే "పైన పటారం, లోన లొటారం" అని తీర్పు ఇచ్చేశాడు. అక్కడ నేను ఆగాను. ఎందుకంటే అది లొటారం కాదు.

రెండేళ్ల కింద డల్లాస్ వెళ్లినప్పుడు ఆ రైఫిల్ కాల్చాను. విజిటర్ వీసా మీద వెళ్లినవాడు అక్కడ తుపాకీ పట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు, వేట లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప. బావ నాతో టెక్సస్ వేట లైసెన్స్ కొనిపించాడు. పిచ్చుకను కూడా కొట్టని మనిషి చేతిలో వేట లైసెన్స్. మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. సరే, లీవర్ కిందికి లాగాను. నిజం ఒప్పుకోవాలి: కొత్తగా నూనె పోసిన మడత బందు కూడా అంత మెత్తగా తిరగదు. ఎక్కడా పట్టు లేదు, గరగర లేదు. పదహారు తూటాలూ వరసగా ఎక్కాయి, పేలిన తూటాల ఖాళీ డొప్పలు పక్కనుంచి ఎగిరి పడ్డాయి, ఒక్కటీ ఇరుక్కోలేదు. పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ తూటా ఒత్తిడికి గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 24,000 పౌండ్లు. జింకల వేటకు వాడే థర్టీ థర్టీకి 42,000. ఇంత చిన్న తూటాకు, బ్యారెల్ ఉక్కుదై ఉన్నాక, బయటి పెట్టె జింక్‌దైతే మునిగిపోయేది ఏమీ లేదు. నేను రోజూ జింకే అమ్ముతాను. జింక్‌ను తిడితే నా అన్నాన్ని నేనే తిట్టుకున్నట్టు.

మరి నీ ఏడుపు దేనికి అని బావ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. పైగా అతను తెలివైనవాడు, ఎదురు ఉదాహరణ కూడా తెచ్చాడు. "సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కాను చూడటానికి క్యూ కడతారు కదా. అది రాయి. గుడ్డలా కనిపిస్తుంది. అది మోసమా?" అన్నాడు. కాదు బావా. రెబెక్కాను చూసి ఎవరూ "గుడ్డ క్వాలిటీ బాగుంది" అనరు. పాలరాతిని అంత పల్చగా చెక్కిన బెంజోనీ చేతికి దండం పెడతారు. మన పెంబర్తి సంగతే చూడు. చెక్క మీద ఇత్తడి రేకు తొడిగి గుడి తలుపులు, వాహనాలు చేస్తారు. అదీ తొడుగే. ఎవరూ లోపల ఇత్తడి దిమ్మ ఉందనుకోరు, రేకు మీద సుత్తి పని చూసి మెచ్చుకుంటారు. నీ రైఫిల్‌లో మెచ్చుకోవలసింది లీవర్. మీరంతా మెచ్చుకునేది పూత. నాకు మంట అక్కడ. చూడ్డానికి బాగుంది అంటే నాకేమీ అభ్యంతరం లేదు, నిజంగానే బాగుంది. క్వాలిటీ అనే మాటను దాని మీద పెట్టకండి, అది వేరేచోట ఉంది.

ఎక్కడ ఉందో చూపించాలంటే మా పెదనాన్న రైఫిల్ దగ్గరికి పోవాలి. మార్లిన్ 39ఏ. 1960లలో ఏదో ఫ్యాక్టరీ పెట్టడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు తిరిగి పోతూ అమ్మితే కొన్నాడట. 1972లో వన్యప్రాణుల చట్టం రాకముందు వికారాబాద్ వైపు కుందేళ్లకు తీసుకెళ్లేవాడు. ఆ తర్వాత అది బీరువాలోంచి బయటికి వచ్చేది నూనె పెట్టడానికే. ఇప్పుడు లైసెన్స్ అన్నయ్య పేరు మీద ఉంది. మార్లిన్ కంపెనీ 1891 నుంచి పాయింట్ టూ టూ లీవర్ రైఫిళ్లు చేసింది, ఇది ఆ వంశంలోదే. బ్యారెల్ 24 అంగుళాలు, లోపల తూటాను గిర్రున తిప్పే 16 సన్నని గాడులు. గొట్టంలో 19 తూటాలు పడతాయి. దీని పేరులోనూ గోల్డెన్ ఉంది, గోల్డెన్ 39ఏ. అంత ఆర్భాటం దేనికీ అంటే ఒక్క ట్రిగ్గర్‌కు బంగారు పూత ఉన్నందుకు. మిగతాదంతా నల్ల ఉక్కు. ఫొటో తీస్తే ఇనుప కడ్డీకి కర్ర తగిలించినట్టు ఉంటుంది. మావాడు దాన్ని చూసి "ఓకే" అన్నాడు. ఓకే అట.

చేతికి తీసుకుంటే కథ మారుతుంది. ముందు కర్ర, లోహం కలిసేచోట గోరు పెట్టి లాగాను. గోరు దిగదు. కర్ర లోహం కంటే వెంట్రుకవాసి పైకి ఉంటుంది కానీ చుట్టూ ఒకే ఎత్తు. ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఉంటే, చేసినవాడికి సాయంత్రం ఇంటికి పోయే తొందర ఉందన్నమాట, మా దగ్గరికి వచ్చే సగం ఫర్నిచర్‌లాగా. తర్వాత లీవర్ సగం తెరిచి పక్కకు ఊపాలి. కొంచెం ఊగుతుంది, అరవై ఏళ్ల వయసుకు అది మన్నించదగ్గదే. తర్వాత స్క్రూల తలలు చూడాలి. గాడి అంచులు చెదిరి ఉంటే ఎవరో సరిపడని స్క్రూడ్రైవర్‌తో కుమ్మారని అర్థం, లోపల ఇంకేం చేశారో దేవుడికే తెలియాలి. ఉక్కు మీది నల్లని రసాయన మెరుగును, బ్లూయింగ్ అంటారు, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. పలక మీద ట్యూబ్‌లైట్ గీత తిన్నగా పడితే పాలిష్ పట్టినవాడికి చెయ్యి తిరిగినట్టు. గీత వంకర్లు పోయిందా, మోటార్ చక్రం మీద గబగబా ఒత్తేశాడన్నమాట. ఈ పరీక్షలో బావ గోల్డెన్ బాయ్ బ్యారెల్ బాగానే నెగ్గింది, ఆ ఎనిమిది అంచులూ పదునుగా ఉన్నాయి. దాని అసలు అందం అక్కడుంది, ఫొటోలో ఎవరూ చూడని చోట.

ఇంకో పరీక్ష, కాల్పుల రేంజ్‌లో మాత్రమే చేయాలి. తూటాను ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గూట్లోకి, ఎక్కించి, పేల్చకుండా బయటికి తీసి, దాని ముక్కు చూడాలి. సీసం మెత్తన. లోపల తూటాను పైకెత్తే రేకు సరిగా లేకపోతే ముక్కు మీద గీత పడుతుంది. గీత పడ్డ తూటా తిన్నగా పోదు. రెండు రైఫిళ్లూ ఇక్కడ పాసయ్యాయి. దయచేసి షాపులో చూస్తూ ఖాళీ రిమ్‌ఫైర్‌ను టక్ టక్ మని కొట్టకండి. తూటా లేనప్పుడు పిన్ను పోయి ఛాంబర్ అంచుకు తగిలే ప్రమాదం ఉంది, అక్కడ సొట్ట పడితే తూటా ఎక్కడమే కష్టం.

మార్లిన్ నిజంగా గెలిచేది శుభ్రం చేసేటప్పుడు. కుడివైపు పెద్ద స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితే రైఫిల్ రెండు ముక్కలవుతుంది, తూటాను వెనక నుంచి మూసిపట్టే బోల్టు చేతిలోకి వస్తుంది, బ్యారెల్‌ను వెనకవైపు నుంచి తుడుచుకోవచ్చు. హెన్రీకి అలా చేయాలంటే వెనక కర్ర ఊడదీసి తొడుగు తీయాలి. అందుకని అందరూ తూటా బయటికి వచ్చే మూతి వైపు నుంచే రాడ్డు దోపుతారు. ఏళ్ల తరబడి రాడ్డు మూతి అంచును రుద్దితే గురి పాడవుతుంది. నూటికి తొంభైమంది అంతదాకా రారు, కొన్నేళ్లకు అమ్మేస్తారు. కాబట్టి ఇది లోపమా కాదా అన్నది కొన్నవాడి ఓపికను బట్టి ఉంటుంది.

బ్రౌనింగ్ బీఎల్ 22 గురించి ఒక్క మాట. జపాన్‌లో మిరోకు వాళ్లు చేస్తారు. లీవర్ 33 డిగ్రీలు తిరిగితే చాలు, ట్రిగ్గర్ కూడా లీవర్‌తోపాటే కదులుతుంది. ఉక్కు, వాల్‌నట్, మంచి పని. కానీ నా కంటికి బొమ్మలా ఉంటుంది. క్వాలిటీకి, నచ్చడానికి సంబంధం లేదనడానికి నేనే సాక్ష్యం. వించెస్టర్ 9422 ఫొటోలు చూస్తే మనసు లాగుతుంది, 2005లో ఆపేశారు, చేతితో పట్టుకోలేదు కాబట్టి నోరు మూసుకుంటాను.

ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చుని మనం ఇవన్నీ ఫొటోల్లో చూసి తీర్పులిస్తాం, అదే అసలు ఇబ్బంది. మామూలు మనిషి విదేశీ తుపాకీ తెప్పించుకునే దారి 1980లలోనే మూసుకుపోయింది. గచ్చిబౌలి రేంజ్‌కు పోతే 50 మీటర్ల పాయింట్ టూ టూలు కనిపిస్తాయి కానీ అవి వేరే జాతి, పోటీ రైఫిళ్లు. లీవర్ యాక్షన్ పట్టుకోవాలంటే మా అన్నయ్య లాంటివాడి బీరువా తెరుచుకోవాలి. అది కూడా ఎన్నికల కోడ్ వస్తే ఖాళీ, తుపాకీ డిపాజిట్‌కు పోతుంది. ఒకసారి అలా పోయి మూడు నెలలకు తిరిగొచ్చింది, బ్యారెల్ మీద వేలెడంత తుప్పుతో. పెట్టుకున్నవాళ్లను అడిగితే "పాత సామాను కదా" అన్నారు. అన్నయ్య రెండురోజులు అన్నం సరిగా తినలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పూత కాదు కదా, లోపలిదాకా ఉక్కే, అందుకని రుద్ది నూనె పెడితే ఆగింది.

నిన్న సాయంత్రం బావను అన్నయ్య ఇంటికి తీసుకెళ్లాను. అన్నయ్య రైఫిల్ బయటికి తీసి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, ఎదురుగా కూర్చుని బావ చేతికిచ్చాడు. బావ లీవర్ లాగాడు. "నాదే మెత్తగా ఉంది" అన్నాడు. నిజమే, ఒప్పుకున్నాం. తర్వాత అన్నయ్య చిన్న గుడ్డ మూట విప్పి పాత యాభై పైసల బిళ్ల తీశాడు. ఆ పెద్ద స్క్రూ విప్పడానికి పెదనాన్న ఎప్పుడూ వాడిన బిళ్ల అది, అంచు ఒకవైపు అరిగిపోయింది. గాడిలో పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. రైఫిల్ రెండు ముక్కలై బావ ఒళ్లో పడింది. బావ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, బోల్టును అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

లేచేటప్పుడు, "ఆ బిళ్ల నాకిస్తావా అన్నయ్యా, గుర్తుగా పెట్టుకుంటా" అన్నాడు. రైఫిల్ కావాలంటే లైసెన్స్ తెచ్చుకుని పట్టుకెళ్లు, బిళ్ల మాత్రం అడగకు అన్నాడు అన్నయ్య.