నర్సును కూడా డ్రాయింగు ముందు కూర్చోబెట్టండి
ఆర్కిటెక్టులు, డాక్టర్లు, నర్సులు, ఇంజినీర్లకు ఒకే క్లాసులో ఆసుపత్రి డిజైన్ నేర్పాలన్న మాట బాగానే ఉంది, కానీ అది పవర్‌పాయింట్‌తో ముగిస్తే దండగే. అట్టలతో అసలు సైజులో ఒక వార్డు గది కట్టి, మంచం వేసి, సెలైన్ స్టాండుతో పేషెంటును బాత్రూమ్ దాకా నడిపించి చూడమనండి. తలుపు ఎటు తెరుచుకోవాలో, చేతులు కడుక్కునే సింకు కర్టెన్ వెనక పడితే ఎవరికీ గుర్తుండదని అప్పుడు తెలుస్తుంది, ప్లాన్‌లో మాత్రం అన్నీ చక్కగానే ఉంటాయి మరి! కిటికీలోంచి చెట్లు కనిపించిన పేషెంట్లు, ఇటుక గోడ కనిపించినవాళ్ల కంటే ఆపరేషన్ తర్వాత త్వరగా ఇంటికెళ్లారని రోజర్ ఉల్రిక్ అనే అమెరికా పరిశోధకుడు 1984లోనే చూపించాడు. అయినా మంచం ఎటు తిప్పాలో నర్సును అడిగేది బిల్డింగ్ పూర్తయ్యాకే. అన్నట్టు, మార్కులు టీము మొత్తానికి కలిపే ఇవ్వండి, లేకపోతే డాక్టరు మాట్లాడతాడు, మిగతావాళ్లు తలూపుతారు.