ఈఎఫ్ఐ పార్టిషన్‌ను డిలీట్ చేయమనే సలహాను నమ్మకండి

"విండోస్ అప్‌డేట్ తర్వాత లినక్స్ కనిపించడం లేదా? ఈ అయిదు పనులు చేయండి" అనే సందేశం, ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ వాడేవారి కోసమంటూ, మిత్రుల నుంచి పదే పదే వస్తోంది. పంపేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ అందులోని రెండో సూచన ప్రకారం ఈఎఫ్ఐ పార్టిషన్‌ను (వ్యవస్థలను తెరిచే ఫైళ్లు ఉండే చిన్న డిస్కు భాగాన్ని) డిలీట్ చేస్తే, అప్పటిదాకా సవ్యంగా తెరుచుకుంటున్న విండోస్ కూడా తెరుచుకోకుండా పోతుంది. అందుకే ఒక్కొక్క అంశానికీ సమాధానం రాయవలసి వస్తోంది.

విండోస్ లినక్స్‌ను చెరిపేసిందన్నది మొదటి మాట. చాలా సందర్భాల్లో అలాంటిదేమీ జరగదు. మదర్‌బోర్డు గుర్తుంచుకునే బూట్ క్రమంలో (ఏ వ్యవస్థను ముందు తెరవాలనే వరుసలో) విండోస్‌ను తెరిచే విండోస్ బూట్ మేనేజర్ ముందుకు వచ్చి, ఉబుంటు లేదా ఫెడోరా వంటి లినక్స్ పంపిణీ పేరు వెనక్కి వెళుతుంది, అంతే. కంప్యూటర్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ తెరిచి ఆ పేరును ఎంచుకుంటే లినక్స్ వస్తుంది. వచ్చాక ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో క్రమాన్ని మార్చుకోవచ్చు. కొన్ని ఫర్మ్‌వేర్‌లు (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఆ మార్పును ఖాతరు చేయవు కాబట్టి, అక్కడ సెటప్ తెరలోనే మార్చాలి.

ఇక అసలు ప్రమాదం రెండో సూచనలో ఉంది. "100 ఎంబీల ఈఎఫ్ఐ పార్టిషన్ పాడైంది, దాన్ని డిలీట్ చేయండి, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసినప్పుడు అదే తయారవుతుంది" అంటారు. ఎవరు తయారుచేస్తారు? ఫర్మ్‌వేర్ ఆ పార్టిషన్‌ను చదువుతుందే తప్ప సృష్టించదు. విండోస్ బూట్ మేనేజర్, దాని సెట్టింగులుండే బీసీడీ ఫైలు మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లోనూ, లినక్స్‌ను తెరిచే షిమ్, గ్రబ్ ప్రోగ్రాముల ఫైళ్లు లినక్స్ పంపిణీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోనూ, అన్నీ ఆ ఒక్క చిన్న పార్టిషన్‌లోనే పక్కపక్కన ఉంటాయి. దాన్ని తీసేస్తే రెండు వ్యవస్థలకూ ఒకేసారి తలుపు మూసినట్టే. మీ ఫైళ్లు డిస్కులో భద్రంగానే ఉంటాయి, కానీ వాటిని చేరే దారి ఉండదు. డిలీట్ చేయకుండా ఫార్మాట్ మాత్రమే చేసినా గండం తప్పదు: ఫార్మాట్‌తో పార్టిషన్ యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) మారిపోతుంది, లినక్స్ తెరుచుకునేటప్పుడు చూసుకునే పార్టిషన్ల జాబితా ఎఫ్‌స్టాబ్‌లో మాత్రం పాతదే రాసి ఉంటుంది, కాబట్టి గ్రబ్‌ను తిరిగి పెట్టుకున్నాక కూడా లినక్స్ ఆ పార్టిషన్ కోసం ఎదురుచూసి చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయే అవకాశం ఎక్కువ. ఈ మాట ఆ సందేశంలో ఎక్కడుంది? ఇప్పటికే డిలీట్ చేసినవారు అదే చోట ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఈఎఫ్ఐ పార్టిషన్‌ను మళ్లీ సృష్టించాలి. విండోస్ ఇన్‌స్టలేషన్ యూఎస్‌బీ నుంచి బీసీడీబూట్ కమాండ్ నడిపి విండోస్ ఫైళ్లను తిరిగి రాయించాలి. తర్వాత ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లినక్స్ లైవ్ యూఎస్‌బీ నుంచి క్రూట్ చేసి (అంటే డిస్కులోని లినక్స్‌లోకి ప్రవేశించి), గ్రబ్ ఇన్‌స్టాల్ చేసి, ఎఫ్‌స్టాబ్‌లో కొత్త యూయూఐడీ రాయాలి. బూట్ క్రమం మార్చితే సరిపోయే సమస్యకు ఇంత శ్రమ తెచ్చిపెట్టే సలహాను పరీక్షించి చూడకుండా పంచడం బాధ్యతారాహిత్యం.

మూడోది, డిస్కు మొదట్లో ఉండే ఎంబీఆర్ అనే భాగంలోని బూట్ కోడ్‌ను తిరిగి రాసే బూట్‌రెక్ ఫిక్స్‌ఎంబీఆర్ కమాండ్‌ను నడపమన్నది. యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతిలో నడిచే కంప్యూటర్ డిస్కు ఎంబీఆర్‌లోని బూట్ కోడ్‌ను వాడనే వాడదు. దీనితో ఇక్కడ ఒరిగేదేమీ లేదు.

గ్రబ్ మెనూలో విండోస్ కనబడకపోతే గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ ఫైలును చేత్తో దిద్దమన్నది నాలుగోది. ఆ ఫైలును దిద్దవద్దని దాని మొదటి పంక్తుల్లోనే రాసి ఉంటుంది, ఎందుకంటే తర్వాతి అప్‌డేట్ దాన్ని కొత్తగా రాసేస్తుంది. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇతర వ్యవస్థలను వెతికే ఓఎస్-ప్రోబర్ అప్రమేయంగా ఆపివేసి ఉంటుంది. గ్రబ్ డిఫాల్ట్ సెట్టింగుల ఫైలులో డిజేబుల్ ఓఎస్ ప్రోబర్ విలువను ఫాల్స్‌గా పెట్టి, ఉబుంటులోనైతే అప్‌డేట్-గ్రబ్ నడిపితే విండోస్ మెనూలోకి వస్తుంది.

అయిదో అంశం సెక్యూర్ బూట్ (నమ్మదగిన బూట్ ఫైళ్లనే నడవనిచ్చే రక్షణ) తీసేసి లెగసీ మోడ్‌కు (పాత బయోస్ పద్ధతికి) మారమంటుంది. ఇవి రెండూ వేర్వేరు విషయాలు. జీపీటీ అనే కొత్త పద్ధతిలో పార్టిషన్లు చేసిన డిస్కు మీద యూఈఎఫ్ఐ పద్ధతిలో పెట్టిన విండోస్ లెగసీ మోడ్‌లో బూట్ కాదు. లైవ్ యూఎస్‌బీని పొరపాటున లెగసీలో తెరిచి మరమ్మతుకు దిగితే గ్రబ్ కూడా తప్పు పద్ధతిలో ఇన్‌స్టాల్ అవుతుంది. లెగసీకి మారవలసిన అవసరం లేదు.

అయితే ఒక్కచోట ఆ సందేశం పక్షాన నిలబడక తప్పదు. అప్‌డేట్‌ను నిందించడం ప్రతిసారీ అన్యాయం కాదు. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన భద్రతా అప్‌డేట్ షిమ్, గ్రబ్ వంటి బూట్ లోడర్లలో పాతవాటిని అడ్డుకునే ఎస్‌బ్యాట్ నియమాలను అమలుచేసింది. డ్యుయల్ బూట్ (రెండు వ్యవస్థలున్న) కంప్యూటర్లకు అది వర్తించదని చెప్పినా, చాలామంది లినక్స్ "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అనే సందేశంతో ఆగిపోయింది. అప్పుడు బూట్ క్రమం మార్చినా ఫలితం ఉండేది కాదు. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్ కమాండ్‌తో ఎస్‌బ్యాట్ విధానాన్ని తొలగించి, షిమ్‌ను అప్‌డేట్ చేసి, సెక్యూర్ బూట్‌ను తిరిగి ఆన్ చేయవలసి వచ్చింది. కాబట్టి సెక్యూర్ బూట్‌ను ఆపి చూడమనడంలో కొంత న్యాయం ఉంది, కానీ దాన్ని శాశ్వతంగా వదిలేయమనడంలో లేదు. డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్నవారు మాత్రం ఆ సెట్టింగును తాకేముందే 48 అంకెల రికవరీ కీని వేరొకచోట రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ మార్పు తర్వాత విండోస్ దాన్ని అడగవచ్చు.